ఎద్దు నడక నేర్చిన యంత్రము



నేటి ప్రసంగ విషయము వినగానే కొందరు పెద్దలకు నవ్వు రావచ్చును. యంత్రములను గూర్చి మాటాడువారందరు వేగమును గూర్చియే మాటాడుదురు. ఎంత త్వరగా పోవును, ఎంత త్వరగా పని ముగియును అని అడుగుదురు. నేను చెప్పదలచినది యంత్రమును మెల్లగా నడిపించుటను గూర్చి. ఒక పాత తోట ట్రాక్టరు ఉన్నది. దాని మొదటి గేరు నడకయే తోటపనికి హెచ్చు. అందుచేత దానికి మరియొక పళ్ళచక్రముల పెట్టె నమర్చి, నత్తవలె నడిపింతురు. ఆంగ్లేయులు దీనికి క్రీపరు గేరని పేరుపెట్టిరి. ప్రాకెడు గేరని యర్థము. మనము మందగతి గేరనుకొందము. ఇది యెందులకు పుట్టెను, ఎట్లు పనిచేయును, దీనివలన మేలేమి, కీడేమి అని విచారింతము.

పిఠాపురము చుట్టుపట్ల నేలల నెరిగినవారికి నేల సంగతి నేను చెప్పనక్కరలేదు. దక్షిణమున గోదావరి కాలువలక్రింది జిగటనేల, ఉత్తరమున మెరక, సముద్రమువైపు ఉప్పాడకు పోయినకొలది ఇసుక పాలు. ఏలేటి నీరు కొంత, గోదావరి కాలువ నీరు కొంత. ఒక్క దినమున ఎడ్లబండిపై తిరిగివచ్చునంత మేరలోనే మూడు తీరుల నేలలున్నవి. మూడింటికి మూడు తీరుల సేద్యము. ఈ మూడింటిని ఎరిగి నడచినది ఒక్కటే, ఎద్దు.

ధవళేశ్వరము ఆనకట్ట 1847 లో ఆరంభమై 1852 లో ముగిసినది. సర్ ఆర్థర్ కాటన్ పేరు నేటికిని గోదావరి మండలములలో ప్రతి గ్రామమున వినవచ్చును. ఆనకట్ట నీటి నిచ్చెనేగాని కాలము నియ్యలేదు. కాలువకు నీరు వదలిన నాటినుండి నారు ముదురకముందే దమ్ము ముగియవలెను, ఊడ్పు సాగవలెను. ఆ కొద్ది వారములలో పల్లెలోని కాడి యంతయు మడిలోనే యుండెడిది. ఎద్దు లేనివాడు ఎద్దున్నవాని గుమ్మమున నిలువవలసి వచ్చెడిది. కనుక త్వరపడవలెనను కోరిక మన రైతునకు మొదటినుండియు కలదు. ఎద్దు మాత్రము త్వరపడునది కాదు.

ఎద్దు నడక యెంత? నాగలి లాగునపుడు గంటకు ఇంచుమించు రెండు మైళ్ళు. బరువు నేలలో అంతకును తక్కువ. ఈ లెక్కను ఒకమారు కాగితముపై వేసి చూడుడు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు. నాగటిచాలు వెడల్పు అరయడుగు అనుకొనుడు. ఒక ఎకరమును ఒకమారు దున్నుటకు వేయు చాళ్ళన్నిటిని ఒకదాని కొకటి కలిపినచో 87,120 అడుగులగును. అనగా 16½ మైళ్ళు. పది ఎకరములున్న రైతు మూడు దుక్కులు దున్నినచో నాగటి వెనుక 495 మైళ్ళు నడచినట్లు. పిఠాపురమునుండి మద్రాసునకు రైలుదారి ఇంచుమించు 400 మైళ్ళు. అనగా ఆ రైతు ప్రతి సంవత్సరము మద్రాసు చేరి, ఇంకను చాలదూరము ముందుకు నడచుచుండెను. ఇంత నడచినవాడు వేగముగా నడచు యంత్రమును కోరుటలో తప్పేమున్నది?

యంత్రము వచ్చినది. వచ్చిన దారి కొంచెము వంకరది. ఆవిరియంత్రము బలమును కొలుచుటకు జేమ్స్ వాట్ అను పండితుడు గుఱ్ఱమునే కొలతగా గైకొనెను. నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తు లేపగల శక్తికి హార్సుపవరని పేరు. పశువు కొలతతోనే యంత్రమును కొలిచిరిగాని, పశువు నడకను యంత్రమునకు నేర్పుటకు మాత్రము చాలకాలము పట్టెను.

ఇంగ్లండులో జాన్ ఫౌలర్ అనువాడు ఆవిరితో దున్ను సాధనమును నిర్మించి 1858 లో అక్కడి రాజకీయ వ్యవసాయసంఘమువారి బహుమానమును పొందెను. అతని పద్ధతిలో బరువైన యంత్రము చేనిలో దిగదు. తరువాత ఆ పద్ధతి పెరిగి, చేని కొకకొనను ఒక యంత్రము, రెండవకొనను మరియొక యంత్రము నిలిచి, ఇనుపతాడుతో నాగలిని ఇటునటు లాగుచుండెను. ఎందుకనగా అంతటి బరువు మెత్తని నేలమీద నడచినచో దున్నిన మేలుకంటె తొక్కిన కీడు హెచ్చగును. ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనుడు. మరల దీనియొద్దకు వత్తుము.

నూనెతో నడచు ట్రాక్టర్లు 19 వ శతాబ్ది చివర అమెరికాలో పుట్టెను. 1917 లో హెన్రీ ఫోర్డు ఫోర్డుసన్ ట్రాక్టరును వేలకొలదిగ నిర్మింప నారంభించెను. ఇది చవుక, తేలిక. అయినను ఒక దుర్గుణము కలది. వెనుక కట్టిన నాగలి వేరుకో రాతికో తగిలి నిలిచినపుడు, ముందుచక్రములు పైకి లేచి, యంత్రము నడపువాని మీదికే వెనుకకు తిరుగబడుచుండెను. ఎద్దయినచో వేరు తగులగానే నిలుచును. యంత్రమునకు ఆ తెలివి లేదు. ఈ సంగతియు జ్ఞప్తియందుంచుడు.

ఇక తోట ట్రాక్టరు మాట. తక్కువ హార్సుపవరుల చిన్న యంత్రమును తోట ట్రాక్టరందురు. కొన్నిటిని వెనుక నడచుచు పిడులు పట్టుకొని నడుపవలెను; కొన్నిటిపై ఎక్కి కూర్చుండవచ్చును. అమెరికాలో బెంజమిన్ గ్రేవ్లీ అనువాడు 1916 లో చేతితో పట్టి నడుపు మోటారు నాగలికి పేటెంటు పొందెను. స్విట్జర్లండులో కొన్రాడ్ ఫాన్ మేయెన్‌బర్గ్ అంతకు కొలది సంవత్సరములకు ముందే, నాగలివలె లాగుటకు మారుగా, గిరగిర తిరుగు గోళ్ళతో మట్టిని గీరు యంత్రమును కనిపెట్టెను. ఇంచుమించు అదేకాలమున, 1912 లో, ఆస్ట్రేలియాలోని గిల్గాండ్ర అను చోట ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అను యువకుడు తన తండ్రి ఆవిరి ట్రాక్టరు ఇరుసునుండి శక్తిని గ్రహించి తిరుగుడు గుద్దలిని నడిపి చూచెను. మొదటి యంత్రము మట్టిని ప్రక్కకు చిమ్మివైచెను. తరువాత అతడు కత్తులను మోచేయివలె వంచి, చిన్న ఇరుసునకు దూరదూరముగా బిగించి ఆ దోషమును పోగొట్టెను. 1920 లో పేటెంటు. 1922 లో ఆస్ట్రేలియాలో కంపెనీ. 1938 లో ఇంగ్లండున ఎసెక్సు మండలమున మరియొక కంపెనీ. నేడు మన పొలములలో రోటవేటరని పిలుచు పనిముట్టు ఈ వంశమునకు చెందినదే.

ఇక్కడనే మందగతి గేరు అవసరము పుట్టినది. ఎట్లో వినుడు.

నాగలికి ఒక్కటే పని, లాగుట. రోటవేటరునకు రెండు పనులు: తాను తిరుగుట, ముందునకు జరుగుట. తిరుగుట త్వరగా జరుగవలెను. జరుగుట మెల్లగా జరుగవలెను. కొబ్బరికోరునకు చిప్పను నొక్కు రీతిని తలచుకొనుడు. కోరు గిరగిర తిరుగవలెను, చిప్పను మాత్రము నెమ్మదిగా అదుమవలెను. ఒక్కమారుగా అదిమినచో కోరు పట్టుకొనును. లేనిచో పెద్ద పెద్ద ముక్కలు రాలును.

లెక్క చూడుడు. ఒక చిన్న ట్రాక్టరు మొదటి గేరులో గంటకు రెండున్నర మైళ్ళు పోవుననుకొనుడు. అనగా నిమిషమునకు 220 అడుగులు. రోటవేటరు నిమిషమునకు 200 చుట్లు తిరుగుచు, చుట్టునకు రెండుమారులు కత్తి నేలను తాకుననుకొనుడు. నిమిషమునకు 400 కోతలు. 220 అడుగులను 400 కోతలతో భాగించినచో ఒక్కొక్క కోతకు ఆరున్నర అంగుళములకు పైగా మట్టిపెళ్ళ వచ్చును. జిగటనేలలో అది ఎండినపుడు ఇటుకయే. ఇప్పుడు రోటవేటరు చుట్లను తగ్గింపక, ట్రాక్టరు నడకను మాత్రము మూడవవంతునకు తగ్గించుడు. నిమిషమునకు 73 అడుగులు. కోతకు రెండంగుళముల పైచిల్లర. అది విత్తనమునకు తగిన నేల.

“ఇంతమాత్రమునకు వేరు గేరెందులకు? ఇంజనుకు నూనె తగ్గించి మెల్లగా నడుపరాదా?” అని అడుగవచ్చును. మంచి ప్రశ్న. ఇంజను మందగించినచో చక్రములతోపాటు రోటవేటరును మందగించును. నడక మూడవవంతు, చుట్లును మూడవవంతు. కోత పరిమాణము ముందెంతయో ఇప్పుడును అంతే. పైగా ఇంజనుకు బలము తగ్గి, బరువు నేల తగులగానే ఆగిపోవును. కనుక ఇంజను తన వడిని తాను తిరుగుచుండవలెను, పనిముట్టు తన వడిని తాను తిరుగుచుండవలెను, చక్రములు మాత్రము మెల్లగా నడువవలెను. శక్తి పోవు రెండు దారులలో చక్రములకు పోవు దారిలోనే అడ్డుకట్ట వేయవలెను. మందగతి గేరు మర్మమంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

అడ్డుకట్ట యెట్లు? మన యిండ్లలోని రాట్నమును చూడుడు. పెద్దచక్రము ఒక చుట్టు తిరిగిన కదురు ఎన్నియో చుట్లు తిరుగును. ఇప్పుడు ఆ రాట్నమును తలక్రిందులుగా నడుపుడు. అనగా కదురును త్రిప్పి పెద్దచక్రమును నడిపింపుడు. కదురు ఎన్నియో చుట్లు తిరిగిన పిమ్మట పెద్దచక్రము ఒక్క చుట్టు తిరుగును. బియ్యపుమిల్లులో ఇంజను చిన్నకప్పీనుండి పెద్దకప్పీకి బెల్టు వేయుటయు ఇదే సూత్రము. పండ్రెండు పళ్ళ చక్రము ముప్పదియారు పళ్ళ చక్రమును త్రిప్పినచో వేగము మూడవవంతగును. త్రిప్పుడు బలము, రాపిడికి పోయినది పోగా, ఇంచుమించు మూడు రెట్లగును. వేగమును ఇచ్చి బలమును కొనుట. ఉత్తపుణ్యమునకు ఏదియు రాదు.

మరియొక అమరికయు కలదు. అది మరింత చమత్కారము. నడుమ నొక చక్రము. దానికి సూర్యుడని పేరు. చుట్టును మూడు చిన్నచక్రములు. వానికి గ్రహములని పేరు. అన్నిటిని చుట్టియున్న వలయమునకు లోపలివైపున పళ్ళు. సూర్యునకు 24 పళ్ళు, వలయమునకు 72 పళ్ళు అనుకొనుడు. వలయమును కదలకుండ బిగించి సూర్యుని త్రిప్పినచో గ్రహములు వలయములో ప్రాకుచు సూర్యుని చుట్టు తిరుగును. సూర్యుడు నాలుగు చుట్లు తిరిగిన గ్రహములను మోయు చట్రము ఒక్క చుట్టు తిరుగును. మందగతి వలదన్నపుడు అన్నిటిని కలిపి బిగించినచో పెట్టె యంతయు ఒక్క ముద్దగా తిరుగును, వేగము మారదు. చోటు కొంచెమే పట్టును. ఇరుసు వరుస తప్పదు.

ఈ యమరిక చరిత్ర మన పొలములవరకు వచ్చినది. ఐర్లండు దేశస్థుడైన హారీ ఫెర్గ్యూసన్ 1946 లో ఇంగ్లండులోని కావెంట్రీనగరమున టి.ఇ.20 అను చిన్న ట్రాక్టరును చేయించెను. మూడు కడ్డీలతో పనిముట్టును పట్టి, నూనె ఒత్తిడితో ఎత్తి దించు పద్ధతి దానితో ప్రసిద్ధికెక్కెను. నాగలి నిలిచినపుడు ముందుచక్రములు లేచు భయమును ఆ పద్ధతి చాలవరకు తగ్గించెను. 1956 వరకు అట్టివి ఐదు లక్షలకు మించి తయారయ్యెను. వానికి ముందునకు నాలుగు గేర్లు. నాగలికి సరిపోయెనుగాని రోటవేటరునకు మొదటి గేరే అతివేగము. అప్పుడు హోవర్డు కంపెనీవారే దానికొక తగ్గింపు గేర్లపెట్టెను చేసి అమ్మిరి. తమ పనిముట్టు ఇతరుల ట్రాక్టరునకు అతుకవలెనన్న దాని నడకను వారే మార్చుకొనవలసి వచ్చెను. అమెరికాలో అల్లిస్ చామర్సు కంపెనీవారు 1948 లో విడుదలచేసిన జి అను కూరగాయల తోట ట్రాక్టరునకు నాలుగు ముందు గేర్లలో ఒకదానిని ప్రత్యేకముగా మందగతికే ఉంచిరి.

1956 లో ఫెర్గ్యూసన్ 35 అను క్రొత్త ట్రాక్టరు వచ్చినది. మూడు గేర్లకు తోడు, ఇందాక చెప్పిన సూర్యగ్రహముల పెట్టె దాని కడుపులోనే యున్నది. మూడును మూడును ఆరు. 1960 లో మద్రాసులో ట్రాక్టర్సు అండు ఫారం ఎక్విప్‌మెంటు కంపెనీ, అనగా టాఫే, స్థాపితమై ఈ వంశపు ట్రాక్టర్లను మన దేశమున తయారుచేసెను. మన పల్లెలో డ్రైవరు “లోలో వేయుము, హైలో వేయుము” అనునపుడు ఆ చేతికర్ర కదల్చునది ఈ పెట్టెనే. ఒకప్పుడు వేరుగా కొని అతికించుకొన్న మందగతి నేడు పుట్టుకతో వచ్చుచున్నది. దమ్ముమడికి జపాను రైతులు మరియొక మార్గము త్రొక్కిరి. మనిషి వెనుక నడచు పవరు టిల్లరును మనిషి నడకకు తగినట్లే నిర్మించిరి. 1967 లో బెంగుళూరున వి.ఎస్.టి. కంపెనీయు, 1973 లో కేరళలో కామ్కో సంస్థయు స్థాపితమై, మొదటిది మిత్సుబిషివారి సాయముతోను, రెండవది కుబోటావారి సాయముతోను వానిని చేసెను. మడిలో దిగినవాడు దాని వెనుక నడువగలిగినచోనే అది పనికివచ్చును. కనుక దానికి మందగతి సహజగుణము.

ఇన్నియు చెప్పిన పిమ్మట పాత తోట ట్రాక్టరునొద్దకు వత్తము. మన ప్రాంతమున పాతయంత్రమును ఊరక పారవైచు అలవాటు లేదు. తాతనాటి ఇంజనుకు తండ్రి బెల్టు మార్చును, కుమారుడు ఇరుసు మార్చును. అట్టి యంత్రమునకు మందగతి గేరు పెట్టించుకొనదలచిన వారు ముందుగా విచారింపవలసిన సంగతులు కొన్ని కలవు.

మొదటిది, శక్తి యెక్కడ చీలుచున్నది? రోటవేటరునకు శక్తినిచ్చు ఇరుసు గేర్లపెట్టెలో ఎచ్చటినుండి బయలుదేరునో మేస్త్రీచేత చూపించుకొనవలెను. తగ్గింపు పెట్టె ఆ చీలికకు తరువాత, చక్రములవైపున ఉండవలెను. ముందుంచినచో రోటవేటరును మందగించును. పడిన శ్రమయు, పెట్టిన పైకమును వ్యర్థము.

రెండవది, పొడవు. నడుమ నొక పెట్టెను చేర్చినచో యంత్రము కొన్ని అంగుళములు సాగును. బ్రేకు కడ్డీలు, క్లచ్చి కడ్డీ, గేరు కర్ర అన్నియు ఆ మేరకు మార్పవలెను. బ్రేకు కడ్డీని అతుకు వేసి సరిపెట్టుట మహాదోషము. ఇరుసులు రెండును ఒకే వరుసలో నుండవలెను. వెండ్రుకవాసి వంకరయున్నను కొలది దినములలో పళ్ళు అరిగి, నూనెలో ఇనుపరజను కనబడును.

మూడవది, పరీక్ష. వెనుకచక్రములను దుంగలమీద గట్టిగా ఎత్తి నిలిపి, పనిముట్టు తగిలింపక, మొదట ఖాళీగా త్రిప్పి చూడవలెను. చక్రము ఒకదానికి సున్నముతో గుర్తుపెట్టి నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో లెక్కింపవలెను. మందగతి వేయకముందు ఎన్ని, వేసినపిమ్మట ఎన్ని? లెక్కప్రకారము మూడవవంతు రావలెనన్న మూడవవంతే రావలెను. కర్ర నడుమ నిలువకుండ, అటో ఇటో స్థిరముగా పడవలెను. కదలుచున్న యంత్రములో మందగతిని వేయుట, తీయుట కూడదు, నిలిపి వేయవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. మందగతి గేరు మెల్లగా నడుచుటకేగాని హెచ్చు బరువు లాగుటకు కాదు. త్రిప్పుడు బలము మూడు రెట్లయినదని చెప్పితిని. ఆ బలమును మోయవలసిన వెనుక ఇరుసు మాత్రము పాతదే. దానిని చేసినవాడు ఒక వంతు బలమునకే చేసెను. మెత్తనినేలలో చక్రము జారును గనుక ఆ హెచ్చుబలము ఇరుసునకు తగులదు. చక్రములకు ఇనుపబరువులు కట్టి, గట్టినేలపై మోడును పెకలింపబోయినచో చక్రము జారదు. అప్పుడు ఇరుసు విరుగును. విరిగినను మేలే. విరుగనిచో మరింత కీడు జరుగవచ్చును.

ఆ కీడు ఏదో స్పష్టముగా చెప్పవలెను. దమ్ముమడిలో వెనుకచక్రములు కూరుకొని, తిరుగక బిగిసిపోయినవనుకొనుడు. డ్రైవరు మందగతి వేసి బలముగా ముందునకు పోజూచును. చక్రము తిరుగలేదు గనుక, ఇంజను బలము చక్రమును త్రిప్పుటకు మారుగా యంత్రమునే చక్రము చుట్టు త్రిప్పును. ముందుచక్రములు లేచును. చూచుచుండగనే యంత్రము తిరుగబడును. నాటి ఫోర్డుసన్ కథయే మరల జరుగును. కూరుకొన్న యంత్రమును ముందునకు లాగరాదు, వెనుకకు తీయవలెను. లేదా దిగి, చక్రముల ముందు మట్టి త్రవ్వి, పలక వేసి, వేరొక యంత్రముచే నేలకు దగ్గరగా గొలుసు కట్టి లాగించవలెను. పది నిమిషముల పొదుపునకై మనిషిని పోగొట్టుకొన్న ఇల్లు మరల కోలుకొనునా?

ఇక రెండవ అపాయము. అది మందగతికి ప్రత్యేకమైనది. వేగముగా వచ్చు బండిని చూచి పిల్లలు తొలగుదురు. నత్తవలె వచ్చు యంత్రమును చూచి ఎవరును భయపడరు. దగ్గరకు పోదురు, రోటవేటరులో చిక్కిన గడ్డిని కాలితో తోయుదురు, వేరు కనబడినచో వంగి తీయుదురు. ట్రాక్టరు నడక నిమిషమునకు 73 అడుగులే. వెనుక కత్తుల చుట్లు మాత్రము నిమిషమునకు 200. పంచె కొంగు గాని కండువా గాని దానికి తగిలినచో చేయి తీయువ్యవధి యుండదు. నడక మెల్లనిదైనను కత్తి మెల్లనిది కాదు. ఈ ఒక్క వాక్యమును ట్రాక్టరున్న ప్రతి యింట పెద్దలు పిల్లలకు చెప్పవలెనని నా ప్రార్థన. గడ్డి తీయవలెనన్న ఇంజను ఆపి, కత్తులు నిలిచినపిమ్మట తీయవలెను.

“ఇంత మెల్లగా పోయినచో పని ముగియుట ఎప్పుడు?” అని మీరడుగుదురు. మరల కాగితము తీయుడు. రెండడుగుల వెడల్పు రోటవేటరుతో ఎకరమునకు 21,780 అడుగులు నడువవలెను. అనగా నాలుగు మైళ్ళ పైచిల్లర. నిమిషమునకు 220 అడుగుల చొప్పున 99 నిమిషములు. 73 అడుగుల చొప్పున ఇంచుమించు ఐదు గంటలు. మూడు రెట్లు కాలము పట్టెనుగదా అందురు. కాని త్వరగా పోయినపుడు ఇటుకలవంటి పెళ్ళలు లేచినవి. వానిని చిదుపుటకు రెండవమారు, మూడవమారు తిరుగవలసివచ్చినచో ఆ కాలమును ఐదు గంటలే యైనది. పైగా చక్రములు నేలను మూడుమారులు తొక్కినవి. ఫౌలర్ యంత్రమును చేనిలో దింపకపోవుటకు కారణమైన తొక్కుడే ఇది. జిగటనేలను తడిలో తొక్కినచో అడుగున పలకవలె గట్టిపడును. వేరు దిగదు, నీరు ఇంకదు.

అయినను మందగతి అన్నిచోట్ల మేలని నేననను. సముద్రమువైపు ఇసుకనేలలో పెళ్ళలు లేవవు. అక్కడ మెల్లగా నడుపుట నూనెదండుగ. ఇదివరకే గుల్లయైన మెరకనేలను మితిమీరి పొడిచేసినచో మొదటి వాన పడగానే పైన అట్ట కట్టి మొలకను రానీయదు. మందగతికి తావులు వేరు. బీడుబడిన జిగటనేలను మొదటిమారు విరుచునపుడు, కొబ్బరిచెట్ల నడుమ వేళ్ళు తగులకుండ తిరుగునపుడు, యంత్రముపై కూర్చుండి మొక్కలు నాటునపుడు అది కావలెను. ఈ కడపటిదానికి లెక్క చెప్పెదను. అడుగున్నరకొక మొక్క నాటవలెననుకొనుడు. నిమిషమునకు 220 అడుగుల నడకలో 146 మొక్కలు చేతికందించవలెను. మనుష్యమాత్రునకు సాధ్యము కాదు. నడకను నాల్గవవంతునకు తగ్గించినచో నిమిషమునకు 36. ఇద్దరు కూర్చుండి పంచుకొన్నచో కుదురుగా నాటగలరు. యంత్రము మనిషి చేతికి తగినట్లు నడువవలెనేగాని మనిషి చేయి యంత్రమునకు తగినట్లు పరుగిడరాదు.

పెద్దలారా, ఎద్దుతో సేద్యము చేసిన కాలమున నడకను గూర్చి ఎవరును లెక్కలు వేయలేదు. ఆ తెలివి ఎద్దులోను, మేడిపట్టిన చేతిలోను ఉండెను. జిగటనేల వచ్చినచో ఎద్దే మందగించెను. ఇసుక వచ్చినచో తానే వడి పెంచెను. వేరు తగిలినచో నిలిచెను. పిల్లవాడు అడ్డము వచ్చినచో తల త్రిప్పెను. ఎద్దు దొడ్డినుండి వెడలిపోయినది. దానితోపాటు ఆ తెలివియు వెడలినది. ఫౌలర్ మొదలు ఫెర్గ్యూసన్ వరకు నూరేండ్లు శ్రమించి మనుష్యులు ఎద్దు నడకను ఇనుపపెట్టెలో నిలుపగలిగిరి. ఎద్దు తెలివిని మాత్రము దానిలో ఉంచలేకపోయిరి. దానిని నడుపువాడే తేవలెను.

ఆ తెలివి మీయొద్ద నున్నది. ఏ మడి ఏనాటికి పదునుకు వచ్చునో, ఏ మూల ఊబి యున్నదో, ఏ చెట్టు వేరు ఎంత దూరము ప్రాకినదో మీ రెరుగుదురు. ట్రాక్టరు పిడి పట్టిన మనుమనికి అవి తెలియవు. అతడు గేరు కర్రను ఎట్లు వేయవలెనో ఎరుగును. ఎప్పుడు వేయవలెనో ఎరుగడు. ఈసారి అతడు మడిలో దిగునపుడు గట్టున నిలిచి ఒక్కమాట చెప్పుడు: “ఇక్కడ మెల్లగా పొమ్ము, అక్కడ నిలుపుము” అని. ఆ మాట లేని మందగతి గేరు సగము గేరే.

ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను.